నా పేరుతో వచ్చిన జవాబు

కూర మాడిన వాసన వచ్చిందంటే నేను పాఠకులతో అనుబంధం పెంచుకుంటున్నానని మా ఇంట్లో అందరికీ అర్థమైపోతుంది. ఆ రోజూ అంతే. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో ఫోను. నా కథ చదివి బస్సులోనే ఏడ్చేశానని ఎవరో రాశారు. ఆవిడకేం చెప్పాలా అని ఆలోచిస్తుంటే గిన్నె అడుగంటింది. "నీ పాఠకులకి ఏం వడ్డిస్తున్నావో గానీ, మాకు మాత్రం బొగ్గులు వడ్డిస్తున్నావమ్మా" అన్నారు మా అత్తగారు. నిష్ఠూరాన్ని కూడా నవ్వుతూ ఆడడం ఆవిడకి బాగా చేతనవును. నేను కిటికీ తెరిచి, మాడిన గిన్నెలో నీళ్ళు పోసి, మళ్ళీ మొదటినుంచి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాను. బస్సులో ఏడ్చినావిడకి ఆ పూట కూడా జవాబు వెళ్ళలేదు.

ఇదంతా పబ్లిషర్ మేడమ్ నెత్తిన పెట్టిన పని. నా మొదటి కథల పుస్తకం వేసినప్పుడు ఆవిడ నన్నేమీ అడగలేదు. రెండోదాని రాతప్రతి ఇచ్చి చాలాకాలమయ్యాక ఒకరోజు పిలిచి, "కథలు బాగున్నాయండీ, కానీ బాగుంటే సరిపోదు. ఇప్పుడు జనం మనిషిని చూసి పుస్తకం కొంటున్నారు. మీకంటూ ఒక ప్లాట్‌ఫాం ఉండాలి. ఒక పేజీ పెట్టండి, రోజూ కనబడండి, పలకరిస్తూ ఉండండి. అయిదువేల మంది చేరిన మర్నాడే ప్రెస్సుకి పంపిస్తాను" అంది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే అత్తగారు, "ప్లాట్‌ఫాం ఏంటమ్మా, రైలెక్కి ఎక్కడికైనా పోతున్నావా?" అన్నారు. మా ఆయన విరగబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఎక్కడికైనా పోవడమనే మాట నా చెవికి ఎంత చల్లగా తగిలిందో వాళ్ళకి చెప్పలేదు.

నేను నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల విభాగంలో పనిచేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోనెత్తి, "మీ ఫిర్యాదు రాసుకున్నామండీ, మనిషిని పంపిస్తామండీ" అంటూ ఉంటాను. తిట్టేవాళ్ళు తిడతారు, ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు. మధ్యలో మా పెద్దసారు తలుపు తోసుకుని వచ్చి, "మీరెలాగూ రచయిత్రి కదా, రిటైరయ్యేవాళ్ళ వీడ్కోలు సభకి నాలుగు ముక్కలు గిలికి ఇవ్వండి, మీకదెంతసేపు" అంటాడు. నాలుగు ముక్కలు గిలకడం అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ మండినంతసేపు మండి చల్లారిపోయి ఆ నాలుగు ముక్కలూ రాసిస్తాను. ఇంటికెళ్ళేసరికి సింకు నిండా గిన్నెలు, మంచం నిండా మడత పెట్టని బట్టలు, పరీక్షలకి చదువుతున్న మా అమ్మాయికి అర్థంకాని లెక్కలు. అవన్నీ అయ్యాక నా పేజీలో నవ్వు మొహంతో కనబడాలి. రోజంతా ఊరి జనానికి జవాబు చెప్పి, ఇంట్లోవాళ్ళకి జవాబు చెప్పి, మిగిలిన ప్రాణంతో పాఠకులకి జవాబు చెప్పాలి. వాళ్ళంటే నాకు ఇష్టం లేకనా? నేను రాసిన వాక్యం ఎక్కడో ఇంకో మనిషి గుండెలోకి వెళ్ళిందంటే అంతకంటే ఏం కావాలి? కానీ ఇష్టమున్నంత మాత్రాన ఓపిక పుట్టుకురాదు కదా.

అందుకే ఒకరోజు ఫోను మా ఆయన ముందు పడేసి, "నావల్ల కావట్లేదండీ, మీరు కాస్త చూడండి" అన్నాను. ఆయన టైర్ల కంపెనీలో సేల్స్ మేనేజరు. కళ్ళు మెరిశాయి. "ఇంతేనా? టైరైనా కథైనా కస్టమర్ కస్టమరే. నాకొదిలెయ్" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా పని ఒకటి ఆయన తన చేతిలోకి తీసుకోవడం అదే మొదటిసారి. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత పొద్దున కాఫీ తాగుతూ, బాత్రూంలో, టీవీ ముందు ఆయన నా పేరుతో జవాబులు ఇస్తూనే ఉన్నాడు. జనం చేరడం మొదలైంది. రెండు వేలు దాటింది, నాలుగు వేలు దాటింది. "ఇంత పెద్ద రచయిత్రి అయ్యుండి ఎంత ఓపికగా పలకరిస్తారండీ" అని రాసేవాళ్ళు. ఆయన అది పైకి చదివి వినిపిస్తే, అత్తగారు "ఆ ఓపికేదో కాస్త ఇంట్లో కూడా చూపించమ్మా" అనేవారు. నా ఓపిక ఆవిడ పక్కనే కుర్చీలో కూర్చుని ఫోను నొక్కుకుంటోందని ఆవిడకి తోచలేదు. నాకు మాత్రం నాలుగు రోజులకోసారి కాసేపు కుదురుగా కూర్చుని కథ రాసుకునే వీలు చిక్కింది. అందుకని జవాబులు ఎలా ఇస్తున్నాడో చూడలేదు. చూడాలనీ అనిపించలేదు.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో డబ్బా తెరిచి అన్నం తింటూ ఊరికే పేజీ తెరిచాను. కొత్తగా ఒక మెసేజ్ వచ్చింది. పంపినావిడ అసలు పేరు లేదు, 'మూడో మెట్టు' అని పెట్టుకుంది.

"మేడమ్, మీరు చెప్పినట్టే సర్దుకుపోయాను. హాస్టల్లో గది వద్దని చెప్పేశాను. నిన్న మళ్ళీ లోపల గడియ పెట్టేశారు. నిన్న వాన కూడా. ఇంకా ఎంత సర్దుకోవాలో కూడా మీరే చెప్తారా? నిష్ఠూరంగా అనుకోకండి, నిజంగానే అడుగుతున్నాను."

డబ్బా పక్కకి నెట్టేశాను. వెనక్కి వెళ్ళి పాత మెసేజ్ వెతికాను. చాలా పెద్దది రాసింది. ఆసుపత్రి ల్యాబులో పని. షిఫ్టు అయ్యి వచ్చేసరికి కొంచెం ఆలస్యమైతే భర్త లోపల గడియ పెట్టుకుంటాడు. పక్క వాటాల వాళ్ళు చూస్తారని తలుపు కొట్టదు. మెట్ల మీద కూర్చుంటుంది. పైనుంచి మూడో మెట్టు మీద లైటు పడుతుందట, అక్కడ కూర్చునే నా పుస్తకం చదివిందట. అందులో ఇల్లు వదిలి అద్దె గదికి వెళ్ళిపోయిన ఆడమనిషి కథ ఒకటుంది. అది చదివాకే హాస్టల్లో గది చూసుకుంది. "రేపు చేరతానో లేదో చెప్పాలి. మా వాళ్ళెవరినీ అడగలేను. వెళ్ళనా మేడమ్?" అని ముగించింది. దానికింద నా పేరు, నా ఫొటో, నా జవాబు.

"సంసారం అన్నాక సర్దుకుపోవాలమ్మా. తొందరపడి నిర్ణయాలు తీసుకోకండి. అంతా మంచే జరుగుతుంది." పక్కన ఒక పువ్వు బొమ్మ.

ఆ మాట నాకు కొత్తది కాదు. పెళ్ళయిన కొత్తలో మా అమ్మ అంది, తర్వాత అత్తగారన్నారు, ఉద్యోగం మానేస్తానని ఏడ్చినప్పుడు మా ఆయనే అన్నాడు. ఆ మాటకి ఎదురుగా నిలబడడానికే నేను కథలు రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు అదే మాట నా నోటినుంచి, నేను నిద్రపోతున్నప్పుడో అంట్లు తోముతున్నప్పుడో, నా ప్రమేయం లేకుండా వెళ్ళిపోయింది. చేతులు కూడా కడుక్కోకుండా మిగతావి చూశాను. అత్త పెట్టే బాధ చెప్పుకున్న అమ్మాయికీ సర్దుకుపోవాలమ్మా. చదువు ఆపేశారన్న అమ్మాయికీ అంతా మంచే జరుగుతుంది. అక్షరం మారలేదు, పువ్వు కూడా మారలేదు. ముందుగా 'మూడో మెట్టు'కి రాశాను: "మీతో మాట్లాడాలి. నంబరు ఇస్తారా?" సాయంత్రానికి నంబరు వచ్చింది, "రేపు మధ్యాహ్నం చెయ్యండి, ఆయన ఇంట్లో ఉండరు" అన్న మాటతో.

మా ఆయన ఇంటికి రాగానే ఫోను ఎదురుగా పెట్టి, "ఇది మీరు రాశారా?" అన్నాను.

చదివి, "ఇందులో తప్పేముంది?" అన్నాడు. "వెళ్ళిపోమ్మా అని రాయమంటావా? రేపు ఆవిడ మొగుడొచ్చి మన గుమ్మంలో నిలబడి మా సంసారంలో నిప్పులు పోశారంటే ఎవడు జవాబు చెప్తాడు?"

"ఆవిడ మిమ్మల్ని అడగలేదండీ. నన్నడిగింది."

"నువ్వే కదా చూడమన్నావు!"

"చూడమన్నాను. నేనైపొమ్మనలేదు."

ఆయన మొహం ఎర్రబడింది. "బాగుంది. పేరు నీది, చాకిరీ నాది. ఇన్నాళ్ళూ నీకోసం ఇంత చేస్తే, ఒక్కరోజైనా మంచి మాట అన్నావా?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. ఇన్నేళ్ళుగా నేను నోటిదాకా తెచ్చుకుని మింగేసిన మాటని ఆయన ఎంత సులువుగా అనేశాడు! నవ్వు చూసి ఆయనకి ఇంకా మండింది, లేచి వెళ్ళిపోయాడు. "వాడు పూనుకోకపోతే నీకు అంతమంది ఎక్కడ చేరేవాళ్ళమ్మా" అని అత్తగారు మొదలుపెట్టారు. మధ్యలో ఆగి, గొంతు తగ్గించి, "ఇంతకీ ఆ పిల్ల వానలో అలాగే కూర్చుందా?" అన్నారు. కూర్చుందన్నాను. ఆవిడ టీవీ గొంతు పెంచారు.

మర్నాడు డబ్బాలు సర్ది, అమ్మాయిని పంపించి, బస్సులో నిలబడే నా పేజీలో అందరికీ కనబడేలా రాశాను. "ఇన్ని నెలలుగా ఈ పేజీలో నా పేరుతో మీకు వచ్చిన జవాబులు నేను రాసినవి కావు, మా ఆయన రాసినవి. నాకు ఓపిక లేక నేనే ఆయనకి అప్పగించాను. సర్దుకుపొమ్మని మీలో ఎవరికైనా జవాబు వచ్చి ఉంటే అది నా మాట కాదు. మళ్ళీ రాయండి. ఆలస్యమవుతుంది, కానీ నేనే చదువుతాను, నేనే రాస్తాను." దిగాల్సిన స్టాపు రెండు స్టాపుల వెనకే ఉండిపోయింది. తిరిగి నడుచుకుంటూ వచ్చి, ఆలస్యమైనందుకు పెద్దసారు ముందు తలవంచుకుని నిలబడ్డాను. "రచయిత్రులకి టైముతో పనేముంది లెండి" అన్నాడు ఆయన, గదిలో అందరూ వినేలా.

కుర్చీలో కూర్చున్నానో లేదో పబ్లిషర్ మేడమ్ ఫోను. "ఎంత పని చేశారండీ! మనుషుల్ని పెట్టుకుని జవాబులు రాయించుకునేవాళ్ళు ఎంతమంది లేరు? ఎవరైనా ఇలా బయటపెట్టుకుంటారా? కింద ఏం తిడుతున్నారో చూశారా? వెంటనే తీసెయ్యండి." తీయనన్నాను. ఆవిడ నిట్టూర్చి, "అయితే పుస్తకం సంగతి తర్వాత చూద్దాం లెండి" అంది. 'చూద్దాం' అంటే ఏమిటో తెలియనంత చిన్నపిల్లనా నేను! కథలు మూడేళ్ళ పని. ఆ మూడేళ్ళూ ఎక్కడినుంచి దొంగిలించి తెచ్చుకున్నానో నాకే తెలుసు. బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఏడ్చాను. మా ఆయన దగ్గర్నుంచి ఒక్క మెసేజ్ వచ్చింది: "నలుగురిలో నా పరువు తీశావు." మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ ఫోనులెత్తాను. మీ ఫిర్యాదు రాసుకున్నామండీ.

మధ్యాహ్నం డబ్బా తెరవకుండా వరండా చివరికి వెళ్ళి ఆ నంబరుకి చేశాను. అటువైపు సన్నటి గొంతు, బాగా అలసిపోయిన గొంతు. నా పోస్టు అప్పటికే చదివిందట. క్షమించమని అడగబోతే అడగనివ్వలేదు.

"అంటే, మా ఆయన మాట వినలేక మీకు రాస్తే, చివరికి మీ ఆయన మాట విన్నానన్నమాట" అంది. తిట్టినట్టు లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టుంది.

ఇప్పుడు ఆమెకేమనిపిస్తోందని అడిగాను.

"అప్పుడూ వెళ్ళాలనే ఉందండీ, ఇప్పుడూ వెళ్ళాలనే ఉంది. గది ఇంకా ఖాళీగానే ఉందట, పొద్దున కనుక్కున్నాను. ఎవరైనా ఒక్కరు సరే అంటారేమోనని అడిగాను, అంతే. రేపు అందరూ ఎవరు చెప్తే వెళ్ళావని అడుగుతారు కదా. నాకు నేనే వెళ్ళానంటే ఎవరూ నమ్మరు."

వెనక ఆఫీసులో నా బల్ల మీద ఫోను మోగుతోంది. పెద్దసారు నన్ను పిలుస్తున్నాడు. మోగనిచ్చాను, పిలవనిచ్చాను.

"సరే" అన్నాను. "ఎవరు చెప్పారని అడిగితే నా పేరు చెప్పండి. ఈసారి చెప్పింది నేనే."