అత్త యూరియా, కోడలి గంధకం

ఆ ఇంట్లో అన్ని రోగాలకూ మందు యూరియాయే. చేను పాలిపోయినా, పక్కవాడి చేను పచ్చగా కనబడి కడుపు మండినా, తల్లి నోట వచ్చే మాట ఒక్కటే: ఇంకో బస్తా చల్లండి. నూనె తీసే ఆవాల జాతి కనోలా మొక్క తను కన్నెర్రజేస్తేనే మొలుస్తుందని ఆవిడ నమ్మకం. కొడుకు కాదనడు. కాదనడం అతనికి పుట్టుకతోనే రాలేదు.

ఆ ఏడాది మొక్కలు మోకాలెత్తు రాకముందే లేతాకులు పాలిపోయి, దొప్పల్లా ముడుచుకుని, అంచులు ఊదారంగుకు తిరిగాయి. చేనుకి ఆకలేస్తోందని తల్లి తేల్చేసింది. కోడలు ఒక మొక్క పీకి చూసింది. అడుగున ముదురాకులు పచ్చగానే ఉన్నాయి. నత్రజని చాలకపోతే ముందు పండాల్సినవి ముదురాకులు. పండింది చిగురు కాబట్టి తగ్గింది గంధకమనీ, దాని మీద మళ్ళీ యూరియా పోస్తే రోగం ముదురుతుందనీ, కాడ లేచి మొగ్గ తొడగక ముందే గంధకం వెయ్యాలనీ చెప్పింది.

"గంధకం టపాకాయల్లో వేస్తారు, చేలో కాదు" అంది అత్త.

"అయితే గానుగకి గింజలకి బదులు ఆకులే తోలుదాం అత్తయ్యా" అంది కోడలు.

ఆ తర్వాత వంటింట్లో గిన్నెలు మాత్రమే మాట్లాడుకున్నాయి. కొడుకు ఎవరు వడ్డిస్తే వాళ్ళ మాటకు తలూపుతూ కడుపు నింపుకున్నాడు. చివరికి పాము చావకుండా కర్ర విరగకుండా అతనికి ఒక ఉపాయం తట్టింది. గంధకం ఉన్న ఎరువు, అమ్మోనియం సల్ఫేట్ తెచ్చి, కొట్టం తలుపు వేసుకుని, ఖాళీ యూరియా సంచుల్లోకి మార్చి మూతులు కుట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఏ పనీ అంత శ్రద్ధగా చెయ్యలేదు.

మబ్బు పట్టిన ఒక ఉదయం దాన్ని ఎరువు చల్లే యంత్రంలో పోస్తుంటే తల్లి వచ్చి గుప్పెడు తీసుకుంది. యూరియా గుండ్రటి పూసల్లా ఉంటుంది. ఇది పంచదార పలుకుల్లా ఉంది. తల్లి అరచేతిని చూసింది, కొడుకు మొహం చూసింది, మబ్బుని చూసింది.

"యూరియా ఈ మధ్య సన్నబడిందేంట్రా?"

"కొత్త రకమమ్మా."

"సరే, వాన పడేలోపు చల్లు. నీ పెళ్ళాంతో అనకు, నెత్తికెక్కుతుంది."

యంత్రానికి అవతలి పక్క బోల్టు బిగిస్తున్న కోడలు నవ్వాపుకోలేక దగ్గింది. అత్త విననట్టే వెళ్ళిపోయింది.

వాన పడింది. చిగుళ్ళు విచ్చుకున్నాయి, చేను పసుపు ఆరబోసినట్టు పూసింది. దారినపోయేవాళ్ళని నిలబెట్టి మరీ తల్లి తన యూరియా మహిమ చెప్పింది. కానీ యంత్రం తిరగని మూల ఒకటుంది. అక్కడ ఆవిడ ఎవరికీ చెప్పకుండా చేత్తో అసలు యూరియా చల్లింది. ఆ మూల పువ్వు తెల్లగా వెలిసిపోయింది, కాయల్లో గింజ పట్టలేదు. ఆవిడ ఒక కాయ చిదిమి చూసి, అది పిట్టల పని అంది.

మరుసటి ఏడు విత్తనానికి ముందు అత్తాకోడళ్ళిద్దరూ చేని మట్టి సంచిలో కట్టుకుని, పరీక్ష చేయించడానికి ట్రాక్టరెక్కారు. మట్టి ఏ మూల తవ్వాల్సిందన్న దాని మీద వీధి మలుపు తిరిగేదాకా పోట్లాట వినబడుతూనే ఉంది. కొడుకుని రమ్మని ఎవరూ పిలవలేదు. అతను కాసేపు నొచ్చుకుని, తర్వాత హాయిగా పడుకున్నాడు.