బస్సు కదిలాక చెరిపేసిన కథ

నేను ఒక వీడియో క్యాసెట్‌ను. నాలోని సినిమాను నమ్మి ఇంకో ఆడపిల్ల ఇల్లు దాటుతుందేమోనన్నదే నాకున్న పెద్ద భయం. బూజు పట్టినా, ఎలుకలు కొరికినా ఎలాగో ఓర్చుకుంటాను.

పుట్టింది మద్రాసులో. పదో తరగతి అమ్మాయి, అబ్బాయి, సైకిళ్ళు, పరీక్ష హాల్లో దొంగచూపులు, చివరికి ఇద్దరూ బస్సెక్కి పారిపోవడం, అన్నీ నా టేపులోకి ఎక్కించారు. బస్సు తర్వాత కూడా కథ ఉంది. అసలు కథ అదే.

చీరాలలో కేబుల్ టీవీ నడిపే మస్తాన్‌వలి నన్ను కొన్నాడు. నేను టీవీలో వచ్చిన ప్రతిసారీ పెద్దవాళ్ళంతా "మా బడి రోజులే వేరు" అని మురిసిపోయేవాళ్ళు. తిన్న బెత్తం దెబ్బలు ఒక్కరికీ గుర్తుండేవి కావు. బస్సు వెళ్ళాక మాత్రం ఫోన్లు మోగేవి.

"పండగ పూట ఈ ఏడుపేంది మస్తానూ, తీసెయ్."

తీసేశాడు. ఆ భాగం మీద చీరల కొట్టు ప్రకటనలు రికార్డు చేశాడు. అప్పటినుంచి ఆ ఊళ్ళో బస్సు కదలగానే సినిమా అయిపోయేది.

మగ్గాల వీధిలో స్రవంతి అనే పిల్ల నన్ను ఎన్నిసార్లు చూసిందో. పదో తరగతి పరీక్షలు రాయకుండానే ఆటో నడిపే కుర్రాడితో ఒంగోలు బస్సెక్కింది. అద్దెగదిలో అతను కొట్టడం మొదలుపెట్టాడు. ఆమె కడుపుతో ఉండగానే వదిలేసి తన తల్లి దగ్గరికి వెళ్ళిపోయాడు. చంటిదాన్ని ఎత్తుకుని స్రవంతి తిరిగొచ్చింది. బడిలో మళ్ళీ చేర్చుకోలేదు. ఇప్పుడు నూలు చుడుతుంది. బిడ్డ కాస్త ఎక్కువసేపు నిద్రపోతే చాలు, ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది.

ఒకరోజు కేబుల్ గదికి వచ్చి అడిగింది. "మస్తానన్నా, ఆ సినిమాలో పిల్ల తర్వాత ఏమైందో కూడా తీసుంటే బాగుండేది."

"తీశారమ్మా. బిడ్డనెత్తుకుని బడి గేటు కాడ నిలబడుద్ది. లోపల గంట కొడతారు. జనం ఏడుస్తున్నారని నేనే చెరిపేశా."

"నాకు చెప్పుంటే ఏం పోయేదన్నా?"

"సినిమానే కదమ్మా."

"ఇంకెప్పుడూ దాన్ని ఎయ్యమాక."

సరేనన్నాడు. మనుషులు సరే అనడానికి పెద్దగా ఆలోచించరు. పాత విద్యార్థులంతా కలుసుకుంటున్నారని, వాళ్ళు ముచ్చటపడి అడిగారని నిన్న మళ్ళీ వేశాడు. బస్సు దాకానే.

ఈ పొద్దున స్రవంతి రొప్పుతూ వచ్చింది. "మా ఎదురింటి మౌనిక ట్యూషన్ సంచిలో బట్టలు సర్దుతోందన్నా. కిటికీలోంచి చూశా. తొమ్మిదో తరగతన్నా అది. చెప్పబోతే వాళ్ళమ్మ 'నీలాంటిదానికి మా పిల్లతో మాటలేంది' అని తలుపేసింది. నువ్వన్నా వచ్చి చెప్పు."

"ఊళ్ళో గొడవలన్నీ మనకెందుకమ్మా," అని మస్తాన్ నిచ్చెన భుజాన వేసుకుని తీగలు బిగించడానికి పోయాడు. స్రవంతి బిడ్డను చంకనేసుకుని మళ్ళీ అటే పరిగెత్తింది. ఆ తలుపు ఆమెకు తెరవరు.

నాకు కాళ్ళు లేవు. మీకు ఉన్నాయి, మిమ్మల్ని ఎవరూ గడప బయట నిలబెట్టరు. మగ్గాల వీధిలో స్రవంతి ఎదురిల్లు. మంచినీళ్ళు అడిగే నెపంతోనైనా లోపలికి వెళ్ళి, మౌనిక ఇంట్లో ఉందో లేదో చూడండి.