గురువారం చెయ్యి

కళ్ళు మూసుకోమంటే ఒక కన్నే మూసేవాళ్ళు పదిమందిలో ఆరుగురుంటారు. అందుకే దూది మాస్టారు రోగి మొహానికీ చేతికీ మధ్య అట్టముక్క అడ్డం పెడతాడు. ఆ పొద్దున అప్పటికే ఏడో చెయ్యి బల్ల మీదికి వచ్చింది. ముందు దూదిపోగు తాకించాడు. తర్వాత కర్రపిడికి అతికించిన నైలాన్ దారంతో, దారం వంగేదాకా మెల్లగా నొక్కాడు. తెలిసినచోట రోగి రెండో చేతి వేలితో చూపించాలి. తెలియనిచోట మాస్టారు కార్డు మీద గీసిన అరచేతి బొమ్మలో ఎర్ర చుక్క పెడతాడు. పని అంతే. ఇరవయ్యారేళ్ళుగా అంతే.

చదివింది పదో తరగతి, ఎవరికీ అక్షరం ముక్క నేర్పింది లేదు, అయినా మాస్టారన్న పేరు ఎలాగో అంటుకుంది. సన్నటి మనిషి. వంగి వంగి మెడ ముందుకొచ్చింది. చొక్కా మీద ఎప్పుడూ దూది పీచు ఉంటుంది. ఎవరైనా చెయ్యి కలిపితే చాలు, అతని రెండో చెయ్యి తనంతట తనే వాళ్ళ మోచేతి వెనక్కి పోయి నరం లావెక్కిందేమో తడుముతుంది. మా ఆయన ప్రేమగా చెయ్యి పట్టుకున్నాడని మురిసిపోయేలోపే మోచేతి దగ్గర తేలతాడు అని అతని భార్య అందరికీ చెప్పి నవ్వుతుంది. అతనూ నవ్వుతాడు. ఆ చెయ్యి ఎందుకలా పోతుందో మాత్రం ఆమెకి ఎన్నడూ చెప్పలేదు.

అది కుష్ఠు ఆస్పత్రి. లోపల ఆ మాట ఎవరూ అనరు, జబ్బు అంటారు. మాస్టారి గది వరండా చివర ఉంటుంది. ఆకుపచ్చ రెక్సిను బల్ల, రెండు కుర్చీలు, ఎంత బిగించినా కారే కుళాయి.

ఎనిమిదో మనిషి సంచీ భుజాన వేసుకునే లోపలికొచ్చాడు. ముప్ఫై దాటిన గడియారాలతను, పాత గడియారాలు బాగుచేస్తాడు. రోజంతా భూతద్దం బిగించుకోవడంతో కుడి కంటి చుట్టూ గుండ్రటి గుంత పడింది. మూడు నెలల కిందట ముంజేతి మీద రెండు పాలిపోయిన మచ్చలతో వచ్చాడు. గిల్లినా తెలియని మచ్చలు, అంతకు మించి బాధేమీ లేదు. ఇప్పుడవే మచ్చలు ఎర్రగా ఉబ్బి కాలుతున్నాయి. మాస్టారు మోచేతి వెనక వేలు పెట్టగానే అతను పళ్ళు బిగబట్టాడు.

పోయిన వారం కార్డులో ఒక్క ఎర్ర చుక్క లేదు. ఈ వారం చిటికెన వేలిలో రెండు, ఉంగరం వేలిలో ఒకటి పడ్డాయి. ఆ రెండు వేళ్ళ మధ్య కాగితం ముక్క పెట్టి పట్టుకోమన్నాడు మాస్టారు. కాగితం జారి కింద పడింది. గడియారాలతను జేబులోంచి మాత్రల అట్ట తీసి బల్ల మీద పడేశాడు. ఇవి మింగకముందు సుఖంగా ఉన్నాను, ఇవి మింగాకే ఈ చావు వచ్చింది, ఐదింటి బస్సుకి పోతున్నాను అన్నాడు. పెద్ద డాక్టరు వార్డులో మంచం రాసిచ్చిన కాగితం కూడా ఆ అట్ట పక్కనే పెట్టాడు.

మాస్టారు ఓపిగ్గా చెప్పాడు. ఈ పురుగు చల్లటి చోటు చూసుకుని నరంలో దాక్కుంటుంది. ఒంట్లో కాపలా కాసేవాళ్ళు దాని ముందునుంచే తిరుగుతారు, గుర్తుపట్టరు. మాత్రలు దాన్ని విరగ్గొడితే ముక్కలు బయటపడతాయి, అప్పుడు కాపలావాళ్ళు ఒక్కసారిగా మేలుకుంటారు. మేలుకున్నవాళ్ళకి పురుగేదో నరమేదో తేడా తెలియదు. ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు నరాన్నే నమిలేస్తారు. పురుగు మాత్రలు ఆపకూడదు. కాపలావాళ్ళని శాంతపరిచే మాత్రలు ఈపూటే మొదలుపెట్టాలి, నెలల తరబడి మింగాలి, వారం వారం చెయ్యి చూపించుకోవాలి. ఇప్పుడైతే వేళ్ళు వెనక్కి వస్తాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు.

పెద్ద డాక్టరు ఇదే పాట పాడాడని గడియారాలతను అన్నాడు. చెప్పడం ఎవరికైనా తేలికే, పోయేది నా చెయ్యి అన్నాడు. సంచీ సర్దుకుని లేచాడు.

మాస్టారికి అతని వేళ్ళు కనపడలేదు. అతని వేళ్ళ స్థానంలో వేరే వేళ్ళు కనపడ్డాయి. ఏ చెయ్యి బల్ల మీదికొచ్చినా ముందు అవే కనపడతాయి.

"కూర్చో బాబూ," అన్నాడు. "ఒక చెయ్యి నేనే పాడుచేశాను. అది విని వెళ్ళు."

అతను కూర్చున్నాడు. మాస్టారు బల్ల వంక చూస్తూ చెప్పుకొచ్చాడు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు. చొక్కాల కంపెనీలో గుండీలు కుట్టే ఆవిడ మోచెయ్యి సలుపుతోందని వచ్చింది. మందు పడ్డాక మచ్చలు ఉబికితే ఒళ్ళు పోరాడుతున్నట్టేనని ఎవరో అంటుంటే సగం విన్నాడు. ఆ సగమే తెలుసు. నొప్పి వస్తోందంటే మందు పట్టిందన్నమాట, ఓర్చుకో అక్కా అన్నాడు. నొప్పి ఉందని కార్డులో రాస్తే ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి పంపాలి. చిన్నదానికీ పెద్దదానికీ పంపుతున్నావని ముందురోజే చీవాట్లు తిన్నాడు. 'నొప్పి లేదు' అని రాశాడు. ఆవిడ పన్నెండు రోజులు ఓర్చుకుంది. పదమూడో రోజు వేళ్ళు కొక్కేల్లా వంగిపోయి వచ్చింది.

ఈ మాటలు అతని నోటినుంచి మొదటిసారి బయటికొచ్చాయి.

"ఆవిడ ఇప్పుడెక్కడుంది?"

"ఇక్కడే. ఆడవాళ్ళ వార్డులో."

"ఆవిడకి చెప్పారా?"

మాస్టారు కార్డు తిప్పి బోర్లా పెట్టాడు. గడియారాలతను గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"ఐదింటిదాకా బయట బల్ల మీద కూర్చుంటాను మాస్టారూ. మీరు ఆవిడకి చెప్పి రండి. వస్తే ఉంటాను. ఆవిడ ముందు నోరు విప్పలేని మనిషి మాట నమ్మి నా చెయ్యి అప్పగించలేను."

మాత్రల అట్ట అక్కడే వదిలేసి పోయాడు. తర్వాత ఇంకో నాలుగు చేతులు వచ్చాయి. మాస్టారు నాలుగూ చూశాడు, ఒక్కదాంట్లోనూ తప్పు పోలేదు. అన్నం డబ్బా మాత్రం మూత తియ్యకుండానే పక్కన పెట్టాడు. ఎలాగూ ఇవాళ గురువారం, వెళ్ళాల్సిందే. ప్రతి గురువారం వెళ్తున్నవాడే. ఇన్ని గురువారాల్లో నాలుక కదలలేదు, ఇవాళ కదలాలి. కదలకపోతే గడియారాలతని వేళ్ళు బస్సెక్కిపోతాయి. నాలుగున్నరకి లేచాడు.

చెయ్యి వంగిపోయాక ఆవిణ్ణి కంపెనీ మానిపించింది. ఆస్పత్రిలోనే ఉండిపోయి దుప్పట్లకీ గౌన్లకీ ఎడమచేత్తో అతుకులు వేస్తూ బతికింది. ఇప్పుడు అరవై దాటాయి, మూడు వారాలుగా గుండె నీరసించి కిటికీ పక్క మంచం మీదే ఉంది. ఆ కుడిచేతికి పరీక్ష అక్కర్లేదని అందరికీ తెలుసు. అయినా మాస్టారు వెళ్తాడు, దూది తాకిస్తాడు. ఆవిడ కళ్ళు మూసుకుని, ఏమాత్రం తడుముకోకుండా, తప్పు చోటు చూపిస్తుంది. అతను ఎర్ర చుక్క పెట్టడు.

దిళ్ళకి ఆనుకుని కూర్చుని ఉంది. కాళ్ళు వాచి నున్నగా మెరుస్తున్నాయి. ఆలస్యమైందేం అబ్బాయ్ అంది. అతనికి జుట్టంతా నెరిసినా ఆవిడకి అబ్బాయే. అతను ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, తల ఎత్తకుండా మొత్తం చెప్పాడు. కార్డు సంగతి కూడా చెప్పాడు.

ఆవిడ ఊపిరి తీసుకుంటూ ఆగి ఆగి మాట్లాడింది.

"తెలుసు. నొప్పి వస్తే ఎందుకు చెప్పలేదని అప్పటి పెద్ద డాక్టరు అడిగాడు. చెప్పడం మరిచానన్నాను."

"ఎందుకలా అన్నావక్కా?"

"నిజం చెబితే నిన్ను పంపించేసేవాళ్ళు. మా ఆయన నాకు గ్లాసు కూడా వేరు పెట్టాడు. ఈ చెయ్యి ముట్టుకునేవాడివి నువ్వొక్కడివే."

అతనికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. నన్ను తిట్టవచ్చుగా అక్కా అన్నాడు. కొన్నాళ్ళు తిట్టుకున్నానులే, నీకు వినపడకుండా అంది ఆవిడ. తర్వాత, ఇక కానివ్వు, నాకు నిద్రొస్తోంది అని కళ్ళు మూసుకుంది.

చూపుడువేలి కొస మీద దూది తాకించాడు. ఆవిడ బొటనవేలు చూపించింది. బొటనవేలు తాకించాడు. అరచేతి మధ్య చూపించింది. మూడోసారి చాలాసేపు ఆగి మణికట్టు చూపించింది, ఎడమచెయ్యి అక్కడే ఉండిపోయింది. నాలుగోసారి చిటికెన వేలి దగ్గర తాకించి కనిపెట్టుకుని కూర్చున్నాడు. తొందరపెట్టకూడదు, అది పనిలో మొదటి నియమం. ఇంకోసారి తాకించాడు. అప్పుడు ఆవిడ మొహంలోకి చూశాడు.

నర్సమ్మని పిలిచి, ఆ చెయ్యి మంచం మీద జాగ్రత్తగా పెట్టి, బయటికి నడిచాడు. ఐదుకి ఇంకా ఆరేడు నిమిషాలుంది. గడియారాలతను బల్ల మీంచి లేచాడు.

"చెప్పారా?"

"చెప్పాను."

"ఏమంది?"

"ఆవిడకి ముందే తెలుసట."

అతను మాస్టారి మొహం చూశాడు. సంచీ ఎడమచేతికి మార్చుకుని, మంచం ఎటువైపో చూపించండి అన్నాడు. మాస్టారు అతన్ని మగవాళ్ళ వార్డులో కూర్చోబెట్టి, మొదటి మోతాదు దగ్గరుండి మింగించాడు. మోచెయ్యి బరువు పడకుండా కింద దిండు పెట్టి, పొద్దుగూకాక మళ్ళీ ఆడవాళ్ళ వార్డుకి వెళ్ళాడు.

అప్పటికే మంచం ఖాళీ అయింది. పరుపు మడతపెట్టేశారు. నర్సమ్మ కిటికీ వైపు చూపించి, గురువారమంటే చాలు మధ్యాహ్నం నుంచే తయారైపోయేది మాస్టారూ, ఆ చేతిని గంటసేపు నానబెట్టుకుని, గోళ్ళు తీయించుకుని, నూనె రాసుకుని కూర్చునేది, ఇవాళ కూర్చునే ఓపిక లేకపోయినా ఊరుకోలేదు అంది.

కిటికీ గట్టు మీద అంచు పెచ్చులూడిన గిన్నె ఉంది, అందులో నీళ్ళు ఇంకా పారబోయలేదు, పైన నూనె చుక్కలు తేలుతున్నాయి.