అతికించిన వైపు

అమ్మ పోయిన రోజు నేను నలభై రెండు కప్పుల టీ పెట్టాను. బడిలో పిల్లల తలలు లెక్కపెట్టే అలవాటు, ఆ రోజు కప్పుల మీదికి మళ్ళింది కాబోలు. ముందుగదిలో నాన్న ఆల్బమ్ ఒళ్ళో పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ పేజీలు తిప్పి చూపిస్తున్నారు. "మా అమ్మలు చేసింది. టీచరు కదా, ఓపిక ఎక్కువ," అంటున్నారు. చూసినవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. "ఎంత అన్యోన్యంగా ఉండేవారో ఇద్దరూ," అన్నారెవరో. పక్కింటి పెద్దావిడ మాత్రం నా చేతిలో కప్పు అందుకుని, నా మొహంలోకి ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది.

ఆ ఆల్బమ్ చేతులు మారుతుండగా చివరి పేజీలోని ఫోటో జారి, నేలమీద బోర్లా పడింది. ట్రే కింద పెట్టి వంగాను. ఫోటో వెనక పెన్సిల్‌తో రాసి ఉంది. అమ్మ రాత.

"నవ్వమన్నారు. నవ్వాను. ఇంటికెళ్ళాక ఏమవుతుందో తెలుసు. పిల్ల చూడకుండా ఉంటే చాలు."

ఫోటోని ట్రే అడుగున అరచేత్తో నొక్కిపట్టుకుని లేచాను. కప్పులు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి.

"ఏమైందమ్మలూ?" అన్నారు నాన్న. ఆ గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"ఏం లేదు నాన్నా, ఫోటో ఊడింది. ఆల్బమ్ ఇంటికి తీసుకెళ్ళి అతికించి తెస్తాను."

నాకు తెలిసి నాన్నతో నేనాడిన మొదటి అబద్ధం అది.

ఆ ఫోటోలో నాకు ఆరేళ్ళు. స్టూడియో తెర మీద గీసిన పడవ ముందు ముగ్గురం నిలబడ్డాం. నాన్న చెయ్యి అమ్మ భుజం మీద ఉంది. అమ్మ నవ్వుతోంది. ఆ రోజు గురించి నాకు గుర్తున్నది ఆ పడవ ఒక్కటే. ఇంటికెళ్ళాక ఏమైందో గుర్తు లేదు. గుర్తు లేదంటే చూడలేదనా, చూసి మరిచిపోయాననా? నాన్న గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. మధ్యగది తలుపు నెమ్మదిగా దగ్గరికి వేయడం, లోపల కుళాయి నిండుగా తిప్పిన చప్పుడు, అంతే తెలుసు. చాలాసార్లు అంతకుముందే అమ్మ నా చేతికో గిన్నె ఇచ్చి, "పక్కింట్లో ఇచ్చి రావే, పరిగెత్తకుండా నెమ్మదిగా వెళ్ళు," అనేది. వాళ్ళింట్లో నాకు బిస్కెట్లు పెట్టి, అరగంట కూర్చోబెట్టుకునేవారు. ఆ గిన్నె ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ఖాళీ గిన్నె ఎందుకు ఇచ్చిరమ్మంటోందని ఒక్కసారైనా అడగలేదు నేను. క్లాసులో ఏ పిల్లైనా ప్రశ్న అడక్కపోతే కోప్పడతాను.

ఆ ఆల్బమ్ నాన్న డెబ్బయ్యో పుట్టినరోజుకి చేసిచ్చాను. రెండు వేసవి సెలవులు పట్టింది. అమ్మ బీరువా అడుగున బూట్ల పెట్టెలో ఉన్న అరవై ఏడు ఫోటోలు, ఒక్కోదానికి రంగు అట్ట చట్రం, పక్కన పాత బస్సు టికెట్టో, ఎండిన ఆకో, అమ్మ అల్లిన లేసు ముక్కో. నాకు ఆ పని చేస్తున్నంతసేపూ ఇంకేదీ గుర్తొచ్చేది కాదు. మా ఆయన అటుగా వెళ్తూ, "మేడమ్‌గారి కత్తిరింపులు మొదలయ్యాయా? ఇంట్లో పనంతా అయిపోయినట్టేనా?" అనేవారు. ఒకరోజు అన్నానికి బల్ల కావాలని, ఆరబెట్టిన పేజీలన్నీ ఒకదాని మీద ఒకటి పడేశారు. మూడు అంటుకుపోయాయి. "చిన్నపిల్లల ఆటకి అంత ఏడుపా?" అన్నారు. మళ్ళీ చేశాను.

అమ్మ మాత్రం వచ్చినప్పుడల్లా పక్కనే కూర్చునేది. పెట్టెలోంచి ఒక్కో ఫోటో తీసి, మొహాలు పైకి ఉండేలా నా చేతికి అందించేది. నేను బ్రష్షుతో పేజీ మీద జిగురు రాసేదాన్ని. "అంచులకే రాస్తే లేచిపోతాయే. నిండా రాయి," అనేది. వెనక్కి తిప్పి చూడాలని నాకు తోచలేదు. జవాబు పత్రం ఇచ్చే ముందు రెండో వైపు కూడా చూసుకోండర్రా అని ఇరవై రెండేళ్ళుగా అరుస్తున్నదాన్ని. ఆఖరి ఫోటో దగ్గర అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "దీనికి జిగురొద్దు. నాలుగు కొసలూ దూరేలా కాగితం మూలలు పెట్టు, చాలు," అంది. జిగురు అయిపోవచ్చిందని అంటోందనుకున్నాను.

డ్రాయింగ్ మాస్టారిని అడిగాను, అతికించిన ఫోటో చిరగకుండా తీయడం ఎలాగని. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి నవ్వారు. "అతికించేముందు అడగాల్సింది టీచరుగారూ. ఎండిన జిగురు దగ్గర రెండూ దక్కవు. బొమ్మ కావాలా, వెనక కాగితం కావాలా, ముందే తేల్చుకోండి."

"వెనక కాగితం," అన్నాను. ఆయన నవ్వు ఆపి, చేతిపనుల గది తాళంచెవి ఇచ్చారు.

పదకొండు రోజులుగా, ఆఖరి గంట కొట్టాక ఆ గదిలో కూర్చుంటున్నాను. జుట్టు ఆరబెట్టే మిషను వేడి తగిలిస్తూ, కుట్టుదారాన్ని ఫోటో కిందికి పోనిచ్చి అటూ ఇటూ లాగాలి. మొదటి నాలుగు రోజులు ఆల్బమ్ తెరిచి మూసేయడంతోనే సరిపోయింది. ఐదో రోజు తీసిన మొదటి ఫోటో అడ్డంగా చిరిగింది. వెనక పొర పేజీకే ఉండిపోయింది. దాన్ని తడి దూదితో అద్దితే, కాగితం పల్చబడి, అక్షరాలు తిరగబడి తేలాయి. చేతి అద్దం పెట్టి చదివాను. మిగిలింది రెండు మాటలు: "...ఆలస్యమైనందుకు. ఎడమవైపు." ముందువైపు చూశాను. అందులో అమ్మ కుడివైపుకి తిరిగి, చెంప సగమే కనబడేలా నిలబడి ఉంది. ఆ ఫోటోకి నేను "అమ్మ అందమైన భంగిమ" అని బంగారు రంగు సిరాతో పేరు పెట్టాను.

రెండోదాని వెనక ఏమీ లేదు. ఆ రోజు ఏమీ జరగలేదేమో. పెన్సిల్ దొరకలేదేమో కూడా. నేను బడికి తీసుకెళ్ళి అరగదీసిన పెన్సిల్ ముక్కలు పారేయకుండా అమ్మ ఒక డబ్బాలో వేసుకునేది. వాటితో ఏం చేస్తావంటే, ఉండనీ, అనేది.

నాన్న రోజూ ఫోన్ చేస్తున్నారు. "ఆదివారం మా ఆఫీసువాళ్ళు పలకరించడానికి వస్తున్నారు. ఆల్బమ్ తెచ్చెయ్యి." నిన్న, "ఒక్క ఫోటో అతికించడానికి ఇన్ని రోజులా అమ్మలూ? ఏం చేస్తున్నావు దాన్ని?" అన్నారు. అదే మెత్తటి గొంతు. ఎదురుగా లేని మనిషికి, కుర్చీలోంచి లేచి నిలబడి జవాబు చెప్పాను. ఏళ్ళ తరబడి అతికించిన ఆ అరవై ఆరు ఫోటోల వెనకలనీ నాన్న ఒళ్ళోనే ఉంచి, ఆయన చేతే పేజీలు తిప్పించింది అమ్మ. దాచుకుందో, ఎవరైనా తీస్తారని ఎదురుచూసిందో నాకు తెలియదు. అమ్మ వద్దనుకున్న పని చేస్తున్నానేమో అని ఒక భయం. చేయకపోతే, ఆ కాగితం మూలలు ఎందుకు పెట్టించిందో నాకర్థం కానట్టే అవుతుందని ఇంకో భయం.

ఈ రోజు పన్నెండో పేజీ తీశాను. నేను ఉద్యోగంలో చేరిన రోజు ఫోటో. బడి గేటు ముందు హాజరుపట్టీ గుండెకి ఆనించుకుని నిలబడ్డాను. ఇది చిరగకుండా మొత్తంగా వచ్చింది. వెనక ఒకటే వరుస.

"పిల్లకి ఉద్యోగం వచ్చింది. ఇది బయటపడింది."

పక్కనే పదమూడో పేజీ. నా పెళ్ళి ఫోటో. ఆ సంబంధం తెచ్చింది నాన్న. ఫోటోలో అమ్మ నా వెనక నిలబడి, నా మొహం చూడకుండా పెళ్ళికొడుకు చేతుల వైపు చూస్తోంది. వేడి మిషను దాని మీదికి తెచ్చి, ఆపేశాను.

అప్పుడే నాలుగైంది. రోజూ నాలుగింటికి నేనెక్కడున్నానో ఫోటో తీసి మా ఆయనకి పంపాలి. పెళ్ళయిన కొత్తలో బడికి ఫోన్ చేసి కనుక్కునేవారు. ఫోన్లకి కెమెరాలు వచ్చాక ఫోటో. వెనక గోడ గడియారం కనబడాలి. "బెంగతో అడుగుతున్నాను, అనుమానంతో కాదు," అంటారు. "ఏ మొగుడు ఇంత పట్టించుకుంటాడు చెప్పు?" అని మా అత్తగారు మురిసిపోయేవారు. మొహం సరిగ్గా పెట్టాలి. "ఏడుపు మొహంతో పంపకు, నేనేదో బాధలు పెడుతున్నట్టు," అని అమ్మ పోయిన నాలుగో రోజున అన్నారు. ఆయన ఎప్పుడూ నా మీద చెయ్యి ఎత్తలేదు. ఆ మాట నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. పోయిన నెల ఒకరోజు ఫోటో మరిచిపోతే, సాయంత్రం బెల్ కొట్టినా పావుగంట తలుపు తీయలేదు. తలుపుకున్న కంతలోంచి చూస్తున్నట్టు అవతల నీడ కదులుతూనే ఉంది. మా అమ్మాయి పుస్తకాల సంచీ బరువుకి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడింది. లోపలికెళ్ళాక ఆరు రోజులు మాటల్లేవు. పాప గమనించలేదనే అనుకున్నాను.

తలుపు తోసుకుని అమ్మాయి వచ్చింది. ఇదే బడిలో ఎనిమిది చదువుతోంది.

"అయ్యో, పీకేస్తున్నావేంటమ్మా? తాతయ్య ఊరుకుంటారా?" అంది. గోడ గడియారం వైపు చూసింది. "నాన్నకి ఫోటో పెట్టావా? నాలుగు దాటింది. ఇలా ఇవ్వు, నేను తీస్తాను. గడియారం వచ్చేలా కాస్త ఇటు జరుగు. మొహం తుడుచుకో. నవ్వమ్మా. లేకపోతే ఇంటికెళ్ళాక..."

అక్కడ ఆపేసింది. పదమూడేళ్ళ పిల్ల, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని, నేను నవ్వడం కోసం ఎదురుచూస్తోంది.

నేను ఫోన్ తీసుకుని బల్ల మీద బోర్లా పెట్టాను. "అమ్మా?" అంది భయంగా. పన్నెండో పేజీ ఫోటో వెనక్కి తిప్పి దాని చేతిలో పెట్టాను. పెదవులు కదుపుతూ చదివింది.

"అమ్మమ్మ రాతేనా? 'ఇది' అంటే ఎవరు?"

"నేను."

నా వైపు చూసింది. గడియారం వైపు చూసింది. కుర్చీ లాక్కుని, నాకానుకుని కూర్చుంది. ఫోన్ బల్ల మీద రెండుసార్లు అదిరింది. రెండుసార్లూ ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

ఆల్బమ్ ఆదివారం వెళ్ళదు. ఆ మాట నాన్నకి ఇంకా చెప్పలేదు. నాలుగూ ఇరవై అయింది, ఈ రోజు ఫోటో పంపలేదు. పదమూడో పేజీ ఇంకా తీయలేదు.