సిట్టమ్మ కూకున్న కాడ బొమ్మ

కాదు, టీవీకెట్టే డిష్షు గొడుగు తరవాతొచ్చినాది. ముందు సిట్టమ్మే.

అప్పట్లో పెద జాలారిపేటలో పైడితల్లి పొద్దున్నే గంప నెత్తినెట్టుకోని సేపలమ్మడానికి ఎల్లిపోయేది. కూతురు సిట్టమ్మ డాబా మీద నెత్తళ్లు ఎండబోసి, కాకులు వాలకుండా కర్రట్టుకోని కూకునేది. కొడుకులిద్దరూ, పెద్దోడు గవర్రాజు, సిన్నోడు దొరబాబు, కింద టీవీ ముందర ఏంటెనా తిప్పుకుంటా ఉండేవోరు. ఎటు తిప్పినా తెర నిండా సీమలు పాకినట్టే ఉండేది. సిట్టమ్మ డాబా మీద కూకున్నాదంటే మాత్రం బొమ్మ అద్దంలాగొచ్చీసేది. దిగిందా, మల్లీ సీమలే.

ఈదిలో దీనికెవలూ నోరెళ్లబెట్టనేదు. కొందరు నాటితే మొక్క బతుకుద్ది, కొందరు నాటితే బతకదు. ఇదీ అంతే అనుకున్నారు. సినిమా ఏసిన రోజున పక్కింటి తాయారు కేకేసేది.

"ఒలే సిట్టీ, అయ్యేదాక దిగకే తల్లీ!"

"దిగను గాని, కుళాయి కాడ మా బిందెలు నువ్వు మొయ్యు మరి."

తాయారు మోసీసేది కూడాను.

గవర్రాజుకి అక్కడే ఊహ పుట్టినాది. తల్లి సేతి మురుగులు అమ్మించి గొడుగు కొన్నాడు. డాబా మీంచి కొబ్బరి సెట్లకీ, లైటు స్తంబాలకీ వైర్లు లాగీసినారు. గంగమ్మ కేబుల్ అని పేరెట్టినారు. గొడుగు పేరుకే. దాని పక్కన సిట్టమ్మ నేకపోతే అది వాన్నీళ్లు పట్టుకోడానికి కూడా పనికిరాదు.

సిట్టమ్మకి వయసొచ్చే కొద్దీ బొమ్మ పారే దూరం కూడా పెరిగినాది. ముందు పేట వరకే. ఆనక ద్వారకా నగర్ దాక. అక్కడ బస్ కాంప్లెక్సు కాడ మేడ తీసుకోని ఆఫీసెట్టినారు. మిషన్ల గదికి ఏసీ, మద్దిలో సిట్టమ్మకో కుర్చీ. గాజువాక వచ్చింది, స్టీల్ ప్లాంటు క్వార్టర్లొచ్చినాయి, దువ్వాడ వచ్చింది, ఇటు ఆనందపురం వరకూ వచ్చీసింది. మిగతా కేబులోళ్లు వైర్లు సుట్టుకోని ఎల్లిపోనారు. ఆ పైన సొంత చానలెట్టినారు, ఊళ్లో పెళ్లిళ్లూ, తగువులూ, సీరల కొట్ల ప్రకటనలూ అన్నీ అందులోనే. ప్రింటింగ్ ప్రెస్సు, కళ్యాణ మండపం, గంగమ్మ బొమ్మేసిన వేన్లు, ఆనందపురం రోడ్డు మీద జాగా. కంపెనీకి ఏటేటున్నాయో సెప్పమంటే గవర్రాజు మద్దిలో ఊపిరి పీల్చుకోవాల్సొచ్చేది.

సిట్టమ్మకి కుర్చీ ఉంది. కేరేజీలో అన్నమొచ్చేది. సేతులూరుకోక అక్కడే కూకోని వలలు అల్లేది. ఆ ఇంట్లో ఏటకెల్లేవోడు ఎవడూ మిగలనేదు. అయినా అల్లేది.

పైడితల్లి అన్నకొడుకు పోలిరాజు. భీమిలి కాడ ఉండేవోడు, బోటుంది. మేనరికం, అడగడానికి హక్కున్నోడు. ఉతికిన సొక్కా తొడుక్కోని ఆఫీసుకొచ్చినాడు.

"బావా, మరదల్ని నాకిచ్చీండి."

దొరబాబు టీ తెప్పించి మరీ నవ్వినాడు. "ఇచ్చీగలం బావా. అది నీ ఇంటికొస్తే బొమ్మ కూడా నీ ఎనకే వచ్చీద్ది. స్టీల్ ప్లాంటోళ్లకి ఎవడు సమాదానం సెప్తాడు, నువ్వా?"

"ఆళ్ల టీవీల కోసం మా సిట్టి పెళ్లి మానుకోవాలేటి?"

"మానుకోమన్నామేటి? ఆగమన్నాం. గాజువాక లైన్లు అయిపోనీ."

గాజువాక అయిపోయింది. దువ్వాడ అయిపోనీ అన్నారు. అదీ అయిపోయింది. పోలిరాజు ఏడాదికోపాలి వచ్చి టీ తాగి ఎల్లిపోయేవోడు. సంబందాలు ఇంకా వచ్చినాయి, అవీ టీ తాగి ఎల్లిపోనాయి. "ఆడపిల్లని గుమ్మానికి మేకేసి కొట్టీసినారు" అన్నాది తాయారు, పైడితల్లి ఇనేలాగ్గానే.

ఓపాలి సిట్టమ్మ సెప్పాపెట్టకుండా ఆనందపురంలో పిన్నమ్మ ఇంటికి ఎల్లిపోనాది. ఊరంతా సీమలు పాకినాయి. దొరబాబు ఫోన్లు కొట్టినాడు. "బొమ్మ ఎక్కడొస్తంది?" ఆనందపురంలో వైరే నేని ఇంట్లో కూడా వస్తందని తెలిసిపోనాది. వేనేసుకోని ఎల్లి తీసుకొచ్చీసినారు. తిట్టనేదు, కొట్టనేదు. దార్లో కూల్‌డ్రింకు కూడా ఇప్పించినారు.

"ఎక్కడికెల్లినా దొరికిపోతానే అమ్మా" అన్నాది సిట్టమ్మ ఇంటికొచ్చినాక. పైడితల్లి అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టినాది.

రెండువేల సమత్సరం దాటినాక హైదరాబాద్ కంపెనీ ఒకటొచ్చి మొత్తం కొనీస్తామన్నాది. ఆళ్ల మనిషి శ్రీనివాసరావు సంచి పట్టుకోని ఇంటికే వచ్చినాడు. పైడితల్లి వంజరం వేపుడు పెట్టినాది. తిని, సెయ్యి కడుక్కోని, అన్నీ సూసుకోని అడిగినాడు.

"సిట్టమ్మ మేడమ్ గారు కూడా మాతో వస్తారు కదండీ?"

"వస్తాది సార్. రేపు పొద్దున్నే దువ్వాడలో రైలెక్కించీడమే" అన్నాడు గవర్రాజు.

"అది ఎందులోకొస్తదిరా?" అని అడిగినాది పైడితల్లి. "వేన్ల లెక్కలోనా, గొడుగుల లెక్కలోనా?"

"గుడ్‌విల్ అంటారమ్మా దాన్ని."

"అంటే ఏటి?"

"కంపెనీకున్న మంచి పేరండీ" అన్నాడు శ్రీనివాసరావు.

"మంచి పేరుకి ఆకలేస్తదేటి బాబూ? దార్లో అన్నం పెడతారా?"

అందరూ నవ్వినారు. పైడితల్లీ నవ్వినాది. నవ్వి, ఎంగిలి పళ్లేలు తీసీసి, ఒడ్డుకి ఎల్లినాది.

అక్కడ పోలిరాజు, భీమిలి నించి పేట ఒడ్డుకి తెచ్చిన బోటుకి ఐసు ఎక్కిస్తన్నాడు. తల నెరిసిపోనాది. ఇంకా ఒంటిగాడే.

"ఏటత్తా, ఇటొచ్చినావు?"

"నీ బోట్లో టీవీ ఉందేటిరా?"

"బల్బే సరిగ్గా ఎలగదు, టీవీ ఎక్కడిదత్తా!"

"ఎంత దూరమెల్తావు?"

"పారాదీప్ దాక ఎల్తాను. ఎల్లమంటే ఆ పైకీ ఎల్తాను."

పైడితల్లి సంద్రంకేసి సూసినాది. అక్కడ ఇళ్లు నేవు. ఇళ్లు నేని కాడ బొమ్మ ఎక్కడొస్తందని ఎవడూ ఎవణ్ణీ అడగనేడు.

"సిట్టిని ఎక్కించుకోని ఎల్లిపో."

పోలిరాజు ఐసు దిమ్మ కిందెట్టీసినాడు. "తీసుకెల్తే మరి తేలేనత్తా. ఏ ఒడ్డున దిగి కాపరమెట్టినా బావలు వచ్చీస్తారు. నీటి మీదే బతకాల. నీకు కనపడదు."

"ఇన్నాళ్లూ కనపడినాది గదరా. కనపడి ఏటి బావుకుంది?"

పోలిరాజు ఐసు దిమ్మ మల్లీ ఎత్తుకున్నాడు. ఏగుసుక్క పొడిసేసరికి బోటు దింపుతానన్నాడు.

ఇంటికొచ్చి పైడితల్లి కూతురికి తలదువ్వి జడేసినాది. మాటలన్నీ సెవిలోనే సెప్పినాది. సిట్టమ్మ తల్లి మోకాలు గట్టిగా పట్టుకోని అలాగే కూకున్నాది. గవర్రాజు రైలు కోసం కొత్త పెట్టె తెచ్చి నట్టింట్లో పెట్టినాడు.

"తెల్లారగట్ల సలేస్తది, దుప్పటట్టుకెల్లు" అన్నాది పైడితల్లి, అందరూ ఇనేలాగ.

"ఏసీ బోగీలో ఆళ్లే ఇస్తారే అమ్మా" అన్నాడు దొరబాబు.

"ఇస్తారులే. అయినా అట్టుకెల్లనీ."

మర్నాడు దొరబాబు గాజువాకకి ఫోన్ కొట్టినాడు, దువ్వాడకి కొట్టినాడు, ఆనందపురానికి కొట్టినాడు, భీమిలికి కొట్టినాడు. ఎక్కడా బొమ్మ రావట్నేదన్నారు. శ్రీనివాసరావు సంచి తీసుకోని ఒక్కడే రైలెక్కినాడు. గవర్రాజు తల్లిని అడిగినాడు, పైడితల్లి గంప కడుక్కుంటా ఉండిపోనాది. తెల్లారేసరికే సిట్టమ్మ ఇంట్లో నేదు.