రంగు పట్టని చోటు

నేను ఒక పాత పంచె ముక్కను. పొందూరు మగ్గం మీద పుట్టి, ఒక లెక్కల మాస్టారి నడుమున పన్నెండేళ్ళు బతికి, ఆయన పోయాక విశాఖపట్నంలో పాలిష్ మేస్త్రీ పైడిరాజు సంచిలో చేరాను. చిరిగినా ఈ మనుషులు వదలరండీ. ఉతికి ఉతికి మెత్తబడ్డ గుడ్డే చెక్కకు కావాలట. విశ్రాంతి ఎప్పుడో, ఏమో!

పైడిరాజుకు నలభై ఏళ్ళ అనుభవం. అయితే పోయిన ఏడాది నుంచి కుడిచెయ్యి వణుకుతోంది. వసుంధరమ్మగారి మేడగదిలో టేకు నేలకు రంగు వెయ్యడానికి వచ్చిన రోజున నన్ను చేతిలోకి తీసుకుని, తనలో తనే అనుకున్నాడు.

"ఈ గది మచ్చ నేకుండా వచ్చిందా, ఇంకొన్నాళ్ళు సేస్తాను. నేదా, ఇక సాలు."

రెండు రోజులు ఉప్పుకాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, నన్ను అక్కడే పెట్టి అన్నానికి కిందకు దిగాడు. అప్పుడు వచ్చింది వసుంధరమ్మ. రంగు పడే ముందు దీపం పెడితే మంచిదనుకుంది కాబోలు, కిటికీ దగ్గర, ఏ పూతా లేని ఆ చెక్క మీదే ప్రమిద వెలిగించింది. దణ్ణం పెట్టుకుని తీయబోతే నూనె ఒలికింది. "అయ్యయ్యో" అంటూ నాతో తుడిచేసి, తడి లోపలికి పోయేలా మడిచి, ఉన్నచోటే పెట్టి వెళ్ళిపోయింది.

మేస్త్రీ తిరిగొచ్చి నన్ను మడతతోనే రంగులో ముంచాడు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక్కో పలకనూ ఆగకుండా లాగాలి, మధ్యలో ఆగితే చార పడుతుంది. ఆ చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. అందులోనే ఉన్నాను కదా, నాకు తెలుసు. గదంతా ఒకే రంగు వచ్చింది, కిటికీ దగ్గర అరచేయంత మేర తప్ప.

అక్కడ రుద్ది మళ్ళీ వేశాడు. మచ్చ మళ్ళీ తేలింది. మామూలు రోజైతే వేలితో తాకి వాసన చూసేవాడే. ఆ రోజు ధైర్యం చాలలేదు పాపం.

"ఇదేంటి మేస్త్రీ, ఇక్కడ రంగే పట్టలేదు?" అంది వసుంధరమ్మ. దీపం సంగతి మరిచిపోయిందో, గుర్తొచ్చీ మింగేసిందో ఆవిడకే తెలియాలి.

"నా సెయ్యేనమ్మా. తప్పయిపోనాది. ఇంకెవరినేనా పిలిపించుకోండి."

పెరటి గోడ దగ్గరకు వెళ్ళి, అలవాటు కొద్దీ నన్ను విప్పి ఆరేశాడు. ఒళ్ళంతా టేకు రంగు. నడుమ, నూనె తాగిన చోట మాత్రం రంగు పట్టలేదు. అది సరిగ్గా ఆయన రెండు బొటనవేళ్ళ మధ్యే ఉంది. చూడవయ్యా, ఒక్కసారి చూడు!

ఆయన తన చేతులనే చూసుకుంటున్నాడు. అవి అప్పుడు వణకడం మొదలుపెట్టాయి.