సీసాలో ఉన్నంత వరకే

మా ల్యాబులో ఒక కట్టుబాటు ఉంది. సీసాలో ఏముందో అదే రాయాలి. దాంతో ఎవరేం చేసుకుంటారన్నది మాకు అనవసరం. పదహారేళ్లుగా గంజాయి నూనెలు పరీక్షించీ పరీక్షించీ ఇంట్లో కూడా నాకు అదే అలవాటైంది. అడిగినదానికి జవాబు, అంతే. "అక్క నోట్లోంచి రెండో మాట రావాలంటే రెండో సీసా పట్టుకెళ్లాలి," అని మా చెల్లెలు వెక్కిరించేది.

చెల్లెలిది బేకరీ. దాని కూతురికి ఏడేళ్లు, మూడో ఏటి నుంచీ ఫిట్స్. మందులు మార్చీ మార్చీ విసిగిపోయి, ఎవరో చెప్పారని గంజాయి మొక్క నుంచి తీసిన నూనె ఒకటి కొని నా దగ్గరకి తెచ్చింది.

"ఇందులో మత్తు ఉందేమో చూసిపెట్టక్కా. డాక్టరమ్మకి చెబితే తిడుతుంది."

ముందు ఆవిణ్ణే అడగమనాల్సింది. అనలేదు. నా మెషీన్ మీద నాకంత పొగరు. ఎవరూ లేనప్పుడు పరీక్షించాను. ఫిట్స్‌కి పనికొస్తుందనే సీబీడీ ఉంది, అది మత్తెక్కించదు. మత్తెక్కించేది టీహెచ్‌సీ. అది లేదు. దాని పచ్చి రూపం, టీహెచ్‌సీఏ, మాత్రం బోలెడుంది. పచ్చిగా ఉన్నన్నాళ్లూ దాంతో మత్తు రాదు.

"మత్తు లేదు. నిశ్చింతగా ఇవ్వవే," అన్నాను.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. పాప స్కూల్నుంచి వచ్చి, ఏదో తిని, పడుకుందట. లేపితే లేవడం లేదు, లేచినా తల్లిని గుర్తుపట్టడం లేదు. ఆసుపత్రికి పరుగెత్తాను. అప్పటికే డాక్టరమ్మ చూసి, ఇది కొత్తరకం ఫిట్స్ కావచ్చు, ఇంకా గట్టి మందు ఇవ్వాలి అందట.

చెల్లెలు వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. మోచేతుల దాకా మైదాపిండి.

"నూనె ఎంత పోశావే?"

"సీసా మీద రాసినంతే. చేదని ఉమ్మేస్తుంటే బిస్కెట్ల పిండిలో కలిపి కాల్చానక్కా. ఇంకోటి ఇంకోటి అని అడిగి మరీ తింది. ఇన్నాళ్లకి ఏడవకుండా మందు తిందని ఎంత మురిసిపోయానో!"

ఓవెన్ వేడికి ఆ పచ్చిరూపం టీహెచ్‌సీగా మారిపోతుంది. మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే చెప్పే పాఠం అది. చెల్లెలికి తెలియదు. నాకు తెలుసు.

చెబితే ఉద్యోగం పోవచ్చు, ఇంటి సీసాని దొంగచాటుగా పరీక్షించినందుకు. చెప్పకపోతే, రేపు నూనె సంగతి బయటపడినా చెల్లెలే ఎక్కువ పోసేసిందనుకుంటారు. అదీ అలాగే అనుకుంటుంది. ఒక్క నిమిషం, నిజంగానే ఒక నిమిషం పాటు, నోరు మూసుకుని నిలబడ్డాను. ఆ నిమిషం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. అద్దం తలుపు అవతల నర్సు సిరంజిలోకి మందు తీస్తోంది.

తలుపు తోసుకుని వెళ్లి అంతా చెప్పేశాను. డాక్టరమ్మ సిరంజి పక్కన పెట్టించింది. నా వంక చూసి, "మీకు ఇదంతా తెలుసన్నమాట," అంది. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్న పాప కళ్లు తెరిచి అమ్మని పిలిచింది. చెల్లెలు దాన్ని వాటేసుకుని ఏడ్చింది. నేను వరండాలోకి వచ్చి ఏడ్చాను. అక్కణ్నుంచే ల్యాబుకి ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను.

తర్వాత చెల్లెల్ని బల్ల మీద కూర్చోబెట్టి, పచ్చిదేమిటో, వేడి తగిలితే అదేమవుతుందో మొదటిసారి విడమరిచి చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అది అడగని మాటలు కూడా చెప్పాను. తప్పంతా నాదేనన్నాను.

అది కోప్పడలేదు. గోళ్లలో ఎండిపోయిన పిండి గీకుతూ చాలాసేపు విన్నది.

"నాకు చేతనైంది ఓవెన్ ఒక్కటే," అంది చివరికి. "ఆ సంగతి నీకు తెలుసు కదక్కా."